విండోస్ అప్‌డేట్లను వాయిదా వేయవద్దు

సభ్యులందరికీ నమస్కారం.

కంప్యూటర్ బాగానే పనిచేస్తున్నప్పుడు ప్రతి నెలా ఈ అప్‌డేట్లు ఎందుకని పలువురు అడుగుతున్నారు. కంప్యూటర్‌ను నడిపించే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కోట్ల వరుసల కోడ్ ఉంటుంది కనుక, విడుదల నాటికి ఎవరి కంటా పడని లోపాలు కొన్ని మిగిలే ఉంటాయి; అవి బయటపడేకొద్దీ మైక్రోసాఫ్ట్ సాధారణంగా ప్రతి నెల రెండో మంగళవారం సవరణలు విడుదల చేస్తుంది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, సవరణ వెలువడగానే దాన్ని పాత ఫైళ్లతో పోల్చి చూసి లోపం ఎక్కడుందో దుండగులు కూడా పసిగట్టగలరు, కాబట్టి అప్‌డేట్ చేయని కంప్యూటర్‌కు ఆ రోజు నుంచే ముప్పు పెరుగుతుంది.

విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపానికి 2017 మార్చి 14న సవరణ వచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లలోకి మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ చొరబడి, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, అది వాడుతున్నవారు విండోస్ 11కు మారడమో, భద్రతా సవరణలు మరికొంత కాలం అందించే పొడిగింపు పథకంలో చేరడమో చేయాలి. పని మధ్యలో రీస్టార్ట్ అడిగి విసిగిస్తుందన్న మాట నిజమే. సెట్టింగ్స్‌లో ‘యాక్టివ్ అవర్స్’ (మీరు కంప్యూటర్ వాడే వేళలు) పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.