ఫోను పట్టుకున్న చేతులకు

తుంటి ఎముక విరిగి ఆపరేషనైన పెద్దవాళ్లకు వీడియో కాల్‌లో వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ వాళ్లం. వరదకి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆగినా లంకల్లో మామ్మగార్ల నడక ఆగలేదంటే ఆ గొప్ప మాది కాదండి. ఫోను పట్టుకు నిలబడ్డ కోడళ్లది, మనవలది, పక్కింటివాళ్లది. అందరికీ దణ్ణాలు.

మొదట్లో ఫోను ముఖానికి ఎదురుగా పెట్టేవారు. మాకు కావలసింది నడుం నుంచి మడమ దాకా. 6, 7 అడుగుల దూరంలో, నడుం ఎత్తులో, ఫోను అడ్డంగా తిప్పి పక్కనుంచి చూపిస్తే మోకాలు ఎంత వంగుతోందో తెలుస్తుంది. ఎదురునుంచి చూస్తే ఇంకోటి దొరుకుతుంది: ఆపరేషనైన కాలిమీద బరువు పడగానే రెండోవైపు నడుం కిందికి జారిందంటే, ఆపరేషనైన వైపు పిరుదు కండరం ఇంకా బలం పుంజుకోలేదన్నమాట. మనిషి వెనక కిటికీ ఉంటే మాకు కనిపించేది నల్లటి నీడే. మొహమాటపడకుండా చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవడమూ సాయమే. సిగ్నల్ పోతే అర నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపొచ్చని మాకు చెప్పింది మీ మనవలే.

ఫోను పట్టుకున్నవాళ్లే మనిషినీ పట్టుకోకూడదన్న మాట మీరు బాగా పాటించారు. ఒకరే ఉన్నరోజు ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, ఆపరేషనైన కాలివైపు ఒకడుగు వెనగ్గా నిలబడ్డారు.

వడ్రంగులకు మరీ మరీ. నవారు మంచం కుంగుతుంది. ఆపరేషన్లో కీలు బంతి మార్చిన తుంటి అందులో 90 డిగ్రీలు దాటి ముడుచుకుంటే కీలు తప్పే ప్రమాదం ఉంది. మంచం ఎత్తు పెంచడానికి ఇటుకలు పెడితే జారతాయి. 4 అంగుళాల దిమ్మలో అంగుళం లోతు గుంట చెక్కి, కోడు అందులో కూర్చోబెట్టారు చూడండి, అదీ పనంటే! పీటమీద భోజనం, కాలుమీద కాలు మాత్రం సర్జన్ సరేననేదాకా వద్దు.

వాకర్ పిడి, చెయ్యి కిందికి వేలాడేసినప్పుడు మణికట్టు గీత దగ్గరకి రావాలి. ఎత్తైతే భుజాలు పైకి లేస్తాయి, పొట్టైతే మనిషి వంగిపోతాడు. ముందు వాకర్, తర్వాత ఆపరేషనైన కాలు, ఆఖర్న మంచికాలు. మరీ లోపలికెళ్లి ముందు కడ్డీకి ఆనుకుంటే వెనక్కి పడతారు. పెరట్లో పాచి గీకించినవాళ్లకూ కృతజ్ఞతలు; వానాకాలం వాకర్ కాళ్లకుండే రబ్బరు బుష్ అరిగితే, దాంతో పాచిమీద అడుగేయడం కన్నా ఆగడం మేలు.

ఫోనులో పిక్క వాపు తెలియదు. మోకాలిచిప్ప కింద ఉబ్బుగా తగిలే ఎముకకి 10 సెంటీమీటర్లు దిగువన రెండు పిక్కలూ టేపుతో కొలిచి చెప్పిన ఆశా కార్యకర్తలకు రుణపడ్డాం. తేడా 3 సెంటీమీటర్లు దాటితే రక్తం గడ్డ అనుమానం. ఆ రోజు వ్యాయామం లేదు, ఆసుపత్రే. ఆయాసం వచ్చినా, గజ్జలో హఠాత్తుగా నొప్పొచ్చి కాలు పొట్టిగా కనిపించినా నిలబెట్టకుండా 108కి చేయాలి.

అన్నిటికన్నా కష్టం చూడ్డానికొచ్చిన చుట్టాలతో. “పడుకో మామ్మా, ఎందుకీ అవస్థ” అంటారు. వాళ్ల ముందే గోడకి ఆనించిన 18 అంగుళాల కుర్చీలోంచి 5 సార్లు లేపి కూర్చోబెట్టిన కోడళ్లారా, మీ ఓపిక గొప్పది. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వాడకండి, వెనక్కి జారుతుంది.

పనయిపోయిన వాకర్లు పక్కవీధికి ఇస్తున్నారట, సంతోషం. బుష్‌లు మార్చి, ఎత్తు కొత్త మనిషికి మళ్లీ కొలిచి ఇవ్వండి.