ఊరి జొన్నల నిధి: 2025 జమా ఖర్చులు

చందా కట్టిన ఊరి వాళ్లకీ, పట్నం నుంచి పైసలు పంపిన పిల్లలకీ నమస్కారం. మన రైతుల దగ్గర జొన్నలు కొని ఊళ్లోని ఇళ్లకే అమ్మే మన నిధికి 2025 జనవరి నుంచి డిసెంబర్ దాకా లెక్క ఇది.

జమ
నిరుటి నిల్వ: రూ. 6,420
చందాలు (84 ఇళ్లు, ఇంటికి 200): రూ. 16,800
విరాళాలు (ఇచ్చినవాళ్లు పేర్లు వద్దన్నారు): రూ. 15,000
జొన్నల అమ్మకం: రూ. 27,000
మొత్తం: రూ. 65,220

ఖర్చు
జొన్నలు, 14 క్వింటాళ్లు: రూ. 49,000
హమాలి, ట్రాలీ కిరాయి: రూ. 2,800
గోనె సంచులు: రూ. 1,200
కాంటా రిపేరు, ముద్ర: రూ. 900
గది రేకులు: రూ. 4,350
మొత్తం: రూ. 58,250

నిల్వ: రూ. 6,970

మార్చిలో యాసంగి కోతలు కాగానే మన రైతుల దగ్గరే క్వింటాలు 3,500కి కొన్నాం. అప్పటి మద్దతు ధర హైబ్రిడ్ జొన్నలకు 3,371. జహీరాబాద్‌లో ఇంకా తక్కువకు దొరికేవి కదా అని మీటింగులో ఒకరిద్దరు అడిగారు. దొరికేవేమో. బోరు లేకుండా నల్లరేగడి పదును మీదే పండించిన మనవాళ్లకు నాలుగు పైసలు ఎక్కువ ముట్టాలనే కదా నిధి పెట్టుకున్నది! కళ్లంలోనే కాంటా పెట్టి, అక్కడే పైసలిచ్చాం.

1,400 కిలోలు కొంటే అమ్మింది 1,350. తక్కిన 50 కిలోలు చెరిగినప్పుడు పోయిన తాలు, మట్టి, ఎండకు తగ్గిన తూకం. శ్రావణంలో పడమటి మూల రేకు కారి మూడు సంచులకు చెమ్మ తగిలింది. విప్పి, పరదా మీద ఆరబోసి, వేపాకు కలిపి మళ్లీ కుట్టాం. రేకుల పద్దు అందుకే. పురుగు మాత్రం పట్టలేదు.

ఊళ్లోని ఇళ్లకు 900 కిలోలు కిలో 15 రూపాయల లెక్కన, 450 కిలోలు 30 లెక్కన ఇచ్చాం. ఎవరికి ఏ ధర అన్నది కమిటీ తేల్చలేదు, ఊరంతా కూర్చుని తేల్చింది. 1990లలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టుపక్కల మహిళా సంఘాలు సొంతంగా జొన్నల రేషన్ నడిపినప్పుడూ పద్ధతి ఇదే.

మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉత్తగానే వస్తుంటే జొన్నలు కొనుడెందుకన్నది ఇంకో ప్రశ్న. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలూ ఉన్నాయి గానీ మన రేషన్ దుకాణానికి జొన్నలు రాలేదు. రొట్టె తినే ఇళ్లు, షుగరున్న పెద్దవాళ్లు గిర్నిలో కిలో పిండి ఎంతకు కొంటున్నారో అడిగి చూడండి.

నిల్వ సొమ్ము బ్యాంకులోనే ఉంది. రసీదులు, తూకం చిట్టా పంచాయతీ ఆఫీసులో పెట్టాం, ఎవరైనా చూడొచ్చు. ఈసారి కందులు కూడా కొందామని అడుగుతున్నారు. చందా 300 చేస్తేనే అది కుదురుతుంది. కోతలకు ముందే మీటింగు పెడతాం.