రెటిక్ కౌంట్ చూడకుండానే స్టెరాయిడ్లా?

సంపాదకుడికి,

హైదరాబాద్‌లో ఏ కూడలిలో చూసినా రక్తపరీక్షా కేంద్రం కనిపిస్తుంది. అన్ని పరీక్షలూ కలిపి ఒకే ధరకంటూ బోర్డులకూ కొదవలేదు. రక్తహీనతతో వచ్చిన మనిషి రక్తాన్ని స్లైడ్‌పై పరిచి మైక్రోస్కోప్ కింద చూసే ఓపిక మాత్రం తగ్గుతోంది. దీనివల్ల బి12 లోపాన్ని మరో జబ్బనుకుని స్టెరాయిడ్లు ఇచ్చే పొరపాటు గురించి, ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన అనుభవంతో రాస్తున్నాను.

బి12 విటమిన్ బాగా లోపిస్తే రక్తం తగ్గడంతో పాటు కళ్లు కూడా కొద్దిగా పచ్చబడతాయి. ఆవంలోనే పగిలిపోయే కుండల్లా ఎర్ర కణాలు, తాము తయారయ్యే ఎముక మజ్జ దాటి బయటికి రాకముందే నశిస్తాయి. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ పెరుగుతుంది, కణాలు పగిలితే బయటపడే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ వేలల్లోకి పోతుంది, పగిలిన కణాల హిమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది. రోగనిరోధక వ్యవస్థే ఎర్ర కణాలను చంపే ఆటోఇమ్యూన్ జబ్బులోనూ ఇవే మార్పులు. పైగా ఎర్ర కణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టే కూంబ్స్ పరీక్ష కూడా బి12 లోపంలో ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. ఇంట్లోవాళ్లేమో కామెర్లనుకుని పసరు మందుకు తీసుకెళ్తారు. ఆ బాధ మరో ఉత్తరానికి సరిపోతుంది.

మా కాలనీలో ఒక పెద్దావిడ శాకాహారి. షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు; ఆ మాత్ర ఒంట్లో బి12ను తగ్గించగలదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "మీ ఒళ్లే మీ రక్తాన్ని తినేస్తోంది" అని, రోగనిరోధక వ్యవస్థను అణిచే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. షుగర్ అదుపు తప్పింది, రక్తం పెరగలేదు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆవిడ చెబితే వయసు మీద నెట్టేశారు. చివరికి వేరే డాక్టర్ స్లైడ్ వేయించి చూస్తే, మామూలుకన్నా పెద్ద ఎర్ర కణాలు, కేంద్రకం ఐదారు ముక్కలుగా చీలిన తెల్ల కణాలు కనిపించాయి. బి12 ఇంజెక్షన్లతో రక్తం కోలుకుంది. తిమ్మిర్లు ఇంకా పూర్తిగా పోలేదు.

ఈ రెండు జబ్బులనూ వేరుచేయడానికి ముందుగా చూడాల్సింది రెటిక్యులోసైట్ (రెటిక్) కౌంట్, అంటే మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్ర కణాల లెక్క. ఖరీదైన పరీక్ష కాదు. కణాలు మజ్జ దాటి వచ్చాక నాశనమవుతుంటే ఆ లోటు పూడ్చడానికి మజ్జ కొత్తవాటిని తొందరగా పంపుతుంది, కౌంట్ సాధారణంగా పెరుగుతుంది. బి12 లేనప్పుడు మజ్జ ఆ పని చేయలేదు, కౌంట్ పెరగదు. ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సగటు పరిమాణం, 100 దాటిందన్నది ఒక్కటే నమ్మకూడదు. కొత్త కణాలు ఎక్కువైనా అది పెరుగుతుంది.

నిజంగా ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారిని స్టెరాయిడ్లే కాపాడతాయి. ఈ ఉత్తరం చదివి ఎవరూ మందు మానవద్దు. అలాగే రక్తం తక్కువైందని సొంతంగా ఫోలిక్ యాసిడ్ మింగవద్దు. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన గొప్ప మందే అది. కానీ బి12 లోపానికి అదొక్కటే వాడితే రక్తం మెరుగైనట్లు కనిపిస్తూనే నరాలు దెబ్బతింటూ పోతాయి.

వైద్యారోగ్య శాఖకు నా విన్నపం. హిమోగ్లోబిన్ తగ్గి, బిలిరుబిన్ పెరిగిన ప్రతి రోగికీ స్లైడ్ పరీక్ష, రెటిక్ కౌంట్ తప్పనిసరి చేయండి. ప్రభుత్వ పరీక్షా కేంద్రాలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కూ ప్రైవేటు ల్యాబ్‌లకూ ఒకటే నియమం ఉండాలి. బి12 ఇంజెక్షన్ ఇవ్వకముందే, రక్తం ఎక్కించకముందే నమూనా తీయాలి. మెషిన్ ఇచ్చిన అంకెల కింద సంతకం చేసే పాథాలజిస్టు, స్లైడ్ తాను స్వయంగా చూశారో లేదో కూడా ఆ రిపోర్టులోనే రాయాలి.

— ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
మల్కాజిగిరి, హైదరాబాద్