2024–25 వార్షిక నివేదిక: గట్టు మలుపు, ఒక నోటుపుస్తకం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని చాలావరకు ఒక్క మలుపు చుట్టూనే తిరిగింది. లాకులు దాటాక కాలువ గట్టు మీద వచ్చే మలుపు. ఎదురుగా ఆక్వా లారీ వస్తే మోటారుసైకిలు ఎటు దిగాలి? ఒకవైపు చేను, ఒకవైపు నీళ్లు. కాలువ వైపు పిట్టగోడ కట్టమని అడుగుతున్నాం.

అసలు ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే చెప్పులు అరిగాయి. తారు వేసిన శాఖ ఒకటి, గట్టు సొంతదారు ఇంకొకటి. ఒక ఆఫీసులో గట్టు మాది కాదన్నారు, ఇంకో ఆఫీసులో రోడ్డు మాది కాదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు!

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కదా, మన ఊరి సభకు సభ్యులు బాగానే వచ్చారు. ఉపాధి హామీ నిధులతో వీధులకు సీసీ రోడ్లు అడిగాం. మలుపు మాత్రం ఆ జాబితాలోకి ఎక్కలేదు.

తర్వాత జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సంగతి పట్టుకున్నాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద ఏర్పడే కమిటీ ఇది. కలెక్టర్ అధ్యక్షతన పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లు కూర్చుంటారు. దాని దగ్గర డబ్బుల పెట్టె ఉండదు, ఇచ్చేది సలహా. అయినా మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ఒక అంశం ఎక్కితే దాని పక్కన ఫలానా శాఖ చూడాలని పడుతుంది, తర్వాతి మీటింగులో ఏమైందని అడగడానికి వీలుంటుంది. రెండు శాఖల మధ్య నలిగేవాళ్లకు కావలసింది అదే.

చిక్కల్లా ఆ బల్ల మీదకు వచ్చే లెక్కల్లో ఉంది. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా బ్లాక్ స్పాట్ అంటారు. మనది జాతీయ రహదారీ కాదు, మన ప్రమాదాలు స్టేషన్ దాకా పోవు కూడా. బండితో కాలువలో పడినవాడిని రేవులో ఉన్నవాళ్లు లాగుతారు, టీ తాగించి ఇంటికి పంపుతారు. ఊరంతా ఈతగాళ్లు కావడం వల్ల మన మలుపు కాగితం మీద భేషుగ్గా ఉంది.

అందుకే నోటుపుస్తకం పెట్టాం. తేదీ, టైము, ఏ బండి, ఎందుకు పడింది. పేర్లు రాయడం లేదు. రాస్తుంటే ఒక విషయం బయటపడింది: నాట్లకు ముందు పొలం బురద దున్నే దమ్ము సీజన్‌లో కేజ్ వీల్స్ (ఇనుప చక్రాలు) తోనే ట్రాక్టర్లు రోడ్డెక్కి తారు అంచులు చితక్కొడుతున్నాయి. ఆ ట్రాక్టర్లలో మన సభ్యులవీ ఉన్నాయి. ఈ మాట సభలో అన్నందుకు కార్యదర్శి మీద కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

రాస్తారోకో చేద్దామని యువకులు అన్నారు. ఆ రోజు పేపర్లో వస్తుంది సరే, మర్నాడు ఏ ఫైల్లో ఉంటుంది? కార్యవర్గం ఒప్పుకోలేదు.

పుస్తకం నకలు జతచేసి, కలెక్టరేట్‌లో సోమవారాల్లో తీసుకునే అర్జీల్లో ఇచ్చాం, రసీదు ఉంది. కమిటీ ఎజెండాలో ఇంకా చేరలేదు. కాలువకు నీళ్లు ఆపేసిన ఎండాకాలంలోనే పునాది తీయగలరు కాబట్టి, నీళ్లు వదిలేలోపు అనుమతి రాకపోతే ఇంకో ఏడాది పోయినట్టే.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. చందా బాకీదారులు తమకు తామే గుర్తుచేసుకోగలరు.

నోటుపుస్తకం ఇకనుంచి పాలకేంద్రం దగ్గర ఉంటుంది. పెన్ను దారంతో కట్టాం, దయచేసి పట్టుకుపోవద్దు.

– కార్యదర్శి