మావెరిక్స్ ఎగ్జిబిషన్ జమా ఖర్చులు, అందరూ ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. హిల్స్‌బరోలో మన పిల్లల కోసం పెట్టిన, పోర్ట్‌లాండ్ మావెరిక్స్ అనే పాత బేస్‌బాల్ టీమ్ గురించిన ఎగ్జిబిషన్ లెక్కలు ఇవి. 46 కుటుంబాలు తలా 40 డాలర్లు ఇచ్చాయి, మొత్తం జమ 1,840. హాలు అద్దె 350, ఫొటోలూ బోర్డుల ప్రింటింగ్ 410, భోజనాలు 540, పిల్లలకి గ్లవ్స్, బంతులు 385. ఖర్చు 1,685 పోను 155 మిగిలింది.

ఎప్పుడో మూతపడ్డ టీమ్ బోర్డులకి 410 ఎందుకండీ అని కొందరు అడిగారు. అడగాల్సిందే, డబ్బు అందరిదీ కదా. 1972 సీజన్ అయ్యాక పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆడే బీవర్స్ టీమ్ స్పోకేన్ ఊరికి వెళ్ళిపోయి పోర్ట్‌లాండ్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ లేకుండా పోతే, బింగ్ రసెల్ అనే టీవీ నటుడు (హాలీవుడ్ హీరో కర్ట్ రసెల్ వాళ్ళ నాన్న) 500 డాలర్లు కట్టి 1973లో నార్త్‌వెస్ట్ లీగ్ అనే చిన్న లీగ్‌లో మావెరిక్స్‌ని దింపాడు. మామూలుగా మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) టీమ్‌లకి ఆటగాళ్ళని ఇచ్చి జీతాలు కట్టడానికి వెనకాల మేజర్ లీగ్ క్లబ్ ఉంటుంది, ఈయనకి ఆ అండ లేదు. ఎవరైనా రావచ్చని ట్రయల్స్ పెట్టి, పెద్ద క్లబ్బులు వద్దని వదిలేసిన వాళ్ళని తీసుకున్నాడు, ఒకప్పుడు న్యూయార్క్ యాంకీస్ అనే మేజర్ లీగ్ క్లబ్‌కి ఆడిన జిమ్ బౌటన్ కూడా వచ్చి బంతి వేశాడు. మన పిల్లలు నమిలే బిగ్ లీగ్ చ్యూ గమ్ ఐడియా కూడా ఈ టీమ్ పిచర్ రాబ్ నెల్సన్‌దే, ఆ బోర్డు దగ్గర పిల్లలు కదల్లేదు!

1977లో హోమ్ మ్యాచ్‌లకి 1,25,000 మందికి పైగా వచ్చారు. జనం అంతలా వస్తున్నారని తెలిశాక పసిఫిక్ కోస్ట్ లీగ్‌కి మళ్ళీ పోర్ట్‌లాండ్ కావాల్సొచ్చింది, పై లీగ్ కాబట్టి రూల్ ప్రకారం ఊరు తీసుకోవచ్చు, కానీ నష్టపరిహారం కట్టాలి. 26,000 ఇస్తామన్నారు. బింగ్ ఒప్పుకోకుండా 2,06,000 అడిగి ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) వెళ్ళి మొత్తం గెలిచాడు. టీమ్ మాత్రం ఆ అయిదు సీజన్లతోనే ఆగిపోయింది, 1978లో బీవర్స్ తిరిగొచ్చింది. సొంతంగా నిలబడి ఊరిని మళ్ళీ స్టేడియంకి రప్పించిన టీమ్ ఇది, దీని గురించి ఇక్కడ పెరిగే మన పిల్లలకి తెలియాలనే మేం పట్టుబట్టి బోర్డులు చేయించాం, ఆ 410 సరైన ఖర్చే అని కమిటీలో అందరం అనుకుంటున్నాం.

మిగిలిన 155తో సమ్మర్ ప్రాక్టీస్‌కి రెండు బ్యాట్లు, హెల్మెట్లు కొందామనుకుంటున్నాం, వేరే ఆలోచన ఉంటే ఆదివారం లోపు చెప్పండి. బిల్లులన్నీ ట్రెజరర్ దగ్గర ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. బోర్డులు పాడవలేదు, స్కూల్లో పెట్టుకుంటామంటే ఊరికే ఇస్తాం.