శిరీషకు అమ్మ ఉత్తరం

నాచారం,
హైదరాబాద్.

చి. శిరీషకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. డాడీ బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారు. చిన్నమ్మ సకినాలు పంపింది, నీ వాటా డబ్బాలో పెట్టాను. ఫోన్ ఎత్తకపోతే పోనీ, మెసేజ్‌కి బొటనవేలు పెట్టి ఊరుకుంటే నేనేమనుకోవాలి బిడ్డా?

మొన్న కిట్టు మాటల్లో అన్నాడు, అక్క పీహెచ్‌డీ వదిలేస్తుందట అని. టైటానియా పొడిని, అదే మేము పెయింటులో వేసే తెల్ల పొడిని, గుండ్లు దొర్లి నూరే బాల్ మిల్లులో ఎక్కువసేపు ఆడిస్తే, వెలుగులో రంగునీళ్లు దానితో ఇంకా త్వరగా తేటపడతాయనుకున్నావట, తీరా చూస్తే ఎక్కువ ఆడించిందే తక్కువ పనిచేసిందట. వాడి మాట పట్టుకుని అడగడం లేదు, నువ్వే చెప్పు.

మా ఫ్యాక్టరీలో ఒకసారి తెల్ల పెయింటు ఆర్డరు అర్జెంటుగా వచ్చింది. పింగాణీ గుండ్ల మిల్లు ఖాళీ లేదని నైట్ షిఫ్టు వాళ్లు ఉక్కు గుండ్ల మిల్లులో వేసి తెల్లవార్లూ తిప్పారు. పొద్దున పలుకులు చూసే గేజి మీద గీసి చూస్తే ఒక్క పలుకు తగల్లేదు, అంత నునుపు. పాత శాంపిల్ పక్కన పెట్టి చూద్దును కదా, బూడిద రంగు! షిఫ్టు ఇన్‌ఛార్జి ఒప్పుకోడే. ట్యూబులైటు వల్ల అలా కనిపిస్తోందన్నాడు. కిటికీ దగ్గర చూపించాను, బయట ఎండలో చూపించాను. చివరికి కొంచెం పెయింటు మూసలో కాల్చి, ఆమ్లం పోసి, వడకట్టి, ఇనుముంటే ఎర్రబడే థయోసయనేట్ చుక్కలు వేశాను. ఎర్రగా తిరిగింది. గుండ్లు అరిగి ఇనుము కలిసింది. ఆ బ్యాచ్ మొత్తం ప్రైమర్‌కి పోయింది.

అందుకే అడుగుతున్నా, నీ జార్ దేనితో చేసింది? ఉక్కుదా, జిర్కోనియాదా? జిర్కోనియా కూడా అరుగుతుంది. మొదట్లో ముద్దలు విడిపోయి ఉపరితలం పెరుగుతుంది, అది మంచిదే. ఆ తర్వాత దెబ్బలకు స్ఫటికం చెదిరిపోతుంది, ఆక్సిజన్ ఖాళీలు పడతాయి, అనటేజ్ అనే టైటానియా రూపం మెల్లగా రూటైల్ అనే ఇంకో రూపం వైపు మారుతుంది. పొడి రంగు మారి మామూలు వెలుగును కొంత పీల్చుకోవచ్చు, కానీ లోపాలు ఎక్కువైతే వెలుగుకు విడిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన హోల్, ఉపరితలం చేరి పనిచేయకముందే మళ్లీ కలిసిపోతాయి. స్ఫటికాన్ని ఎక్స్‌రేతో చూసే ఎక్స్‌ఆర్‌డీలో పీకులు వెడల్పయ్యాయా? కొద్దిగా కాల్చి చూశావా? మరీ వేడి చేస్తే గింజలు పెరుగుతాయి, జాగ్రత్త. నీ రంగునీళ్లలోని మెథిలీన్ బ్లూ ఎండకు తనంతట తానే కొంత వెలుస్తుంది. పొడి వేయకుండా ఒకటి, చీకట్లో ఒకటి పెట్టావు కదా?

వెలుగు తగిలితే పక్కనున్న రంగును విరగ్గొట్టే ఈ గుణాన్ని మీరు కోరుకుంటారు, మాకు అదే శత్రువు. అనటేజ్ వేసిన బయటి గోడ పెయింటు ఎండకు సుద్దలా చేతికంటేది. అందుకే రూటైల్ వాడి, గింజ మీద అల్యూమినా, సిలికా పూత వేసేవాళ్లం. జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో వెలుగుతో నీటిని విడగొట్టింది రూటైల్‌తోనే అని నువ్వే నాకు చెప్పావు, ఆ రోజు నీ ముఖం చూడాల్సింది. అంత ఇష్టపడి పట్టుకున్న పనిని ఒక్క గ్రాఫు చూసి వదులుతావా? వదిలేది నిజమైతే కారణం అది మాత్రం కాకూడదు.

పాఠం చెప్పొద్దనే మొదలుపెట్టాను. మిల్లు చల్లారాకే మూత తీయి, మాస్క్ వేసుకో. రాత్రి పదింటికల్లా రూమ్‌కి చేరు. మెస్‌లో పెరుగు మంచిది కాకపోతే బయట కొనుక్కో, డబ్బులు వేశాను.

ఆదివారం డాడీ పొద్దునే మార్కెట్‌కి వెళ్తారు, అప్పుడు చెయ్యి. జార్ సంగతి చెప్పు, ఎన్ని గంటలు ఆడించావో చెప్పు, కిట్టు అన్నది నిజమో కాదో కూడా చెప్పు.

మీ అమ్మ