షేవింగ్ బ్రష్ కిట్: 24 బిట్, 24 కుచ్చు, అయినా పట్టదు

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఇంట్లో చెక్క షేవింగ్ బ్రష్ చేసుకునే కిట్‌లో లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీరు 2,450 రూపాయలకు అమ్మిన కిట్ అందింది. పిడికి టేకు దిమ్మ, వెంట్రుకల కుచ్చు, చదునైన అడుగుతో బెజ్జం తొలిచే 24 మి.మీ. ఫోర్‌స్ట్‌నర్ డ్రిల్ బిట్, ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు, లక్క పాలిష్ సీసా, సాండ్‌పేపర్, ఒక కరపత్రం ఉన్నాయి. సాండ్‌పేపర్ మంచిదే. మిగతా వాటి సంగతి రాస్తున్నాను.

ముందు, పిడిలో కుచ్చు దిగే బెజ్జం. బ్రష్ నిలిచేదీ ఊడేదీ అక్కడే. కుచ్చు మీద 24 అని అచ్చు వేశారు. జిగురు పోసి గట్టిపరిచిన దాని మొదలును వెర్నియర్‌తో పట్టుకుంటే 24.2, అడ్డం తిప్పి చూస్తే 24.7. గుండ్రంగా కూడా లేదు. మీ బిట్ తొలిచిన బెజ్జంలో అది దిగదు. దిగకపోతే "సుత్తితో మెల్లగా తట్టండి" అంటుంది కరపత్రం! తడితే జిగురంతా పైకి ఎగదన్ని గోడలకు ఏమీ మిగలదు. పైగా కర్ర ఆరి కుంచించుకునేటప్పుడు లోపల రాయిలాంటి మొదలు అడ్డుపడి పిడి అంచు బీటలు వారుతుంది. పోనీ మొదలునే అరగదీద్దామా అంటే, వెంట్రుకలను పట్టి ఉంచేదే ఆ జిగురు. 25 బిట్ ఇచ్చి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు. చుట్టూ మిగిలే సన్నని సందును ఎపాక్సీ నింపుకుంటుంది.

లోతు ఇంకా ఘోరం. కుచ్చు మొత్తం ఎత్తు 64 మి.మీ. మీరు 24 లోతు తొలచమన్నారు. వెడల్పు అంకెను పొరపాటున లోతు దగ్గర వేసినట్టున్నారు. అప్పుడు బయట మిగిలేది 40. ఈ వెడల్పుకు అది బ్రష్ కాదు, చీపురుకట్ట. తడిపినా విచ్చుకోదు, సబ్బు నడుమ చిక్కుకుంటుంది, మొదళ్లు ఆరవు. గట్టి మొదలు ఎత్తు 9. దానికి 3 కలిపి 12 తొలిస్తే బయట 52 ఉంటుంది, అది సరైన కొలత. బిట్ నడిమి ముల్లు ఇంకా కిందికి దిగుతుంది కాబట్టి లోతును బిట్ అంచు దగ్గర కొలవాలి. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో లేదు.

గాలి గురించీ రాయలేదు. అడుగు మూసుకుపోయిన బెజ్జంలో ఎపాక్సీ వేసి కుచ్చు నొక్కితే కింద గాలి చిక్కుతుంది. వేలు తీయగానే కుచ్చు మెల్లగా పైకి లేస్తుంది, ఒక పక్కకు ఒరుగుతుంది కూడా. బెజ్జం గోడ మీద నిలువుగా మూడు నాలుగు గాట్లు పెడితే గాలి వాటి వెంట బయటికి పోతుంది, జిగురుకూ పట్టు దొరుకుతుంది. ఐదు నిమిషాల ఎపాక్సీతో ఆ ఒరుగును సరిచేసే వ్యవధి ఉండదు. మన ఎండాకాలంలో ఐదు నిమిషాలు కూడా ఆగదు. పైగా రోజూ తడిసే వస్తువుకు నెమ్మదిగా గట్టిపడే రకమే నమ్మకం. దాని రెండు భాగాలు, రెసిన్, హార్డెనర్, చెప్పిన పాళ్లలో కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, కాబట్టి ముందుగా బెజ్జాన్ని అసిటోన్‌తో తుడవకపోతే ఏ జిగురైనా తర్వాత పెచ్చులా ఊడుతుంది.

దిమ్మను "బాగా ఆరిన టేకు" అన్నారు. వచ్చిన రోజు తూకం 118 గ్రాములు. నీడలో పది రోజులు ఉంచాక 101. చివరి ముఖం మీద దుంగ నట్టనడుమ ఉండే మెత్తని భాగం కనిపిస్తోంది, అక్కడి నుంచి అంచు దాకా నెర్రె విచ్చింది. నడిమి భాగం ఉన్న దిమ్మను ఎంత ఆరబెట్టినా చీలక మానదు. దుంగ పక్క నుంచి కోసిన ముక్క ఇవ్వాల్సింది.

పాలిష్ విషయంలో "ఏటికొప్పాక మెరుపు" అని రాశారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు లేత్ మీద లక్క పూస్తారు, అది బొమ్మలకు చక్కగా సరిపోతుంది. షేవింగ్ బ్రష్ రోజూ వేడినీళ్లలో, సబ్బులో నానుతుంది. లక్క వేడికి మెత్తబడుతుంది, సబ్బు క్షారానికి తెల్లబారి కరుగుతుంది. మీ సీసాలో ఉన్నదే స్పిరిట్‌లో కరిగించిన లక్క, స్పిరిట్ ఉండే ఆఫ్టర్‌షేవ్ చెయ్యి తగిలినా జిగటవుతుంది. పాలీయురిథేన్ వార్నిష్ నాలుగైదు పూతలు వేయాలి, బెజ్జం పైఅంచుతో సహా.

కుచ్చు మీద "బ్యాడ్జర్" అని ఉంది, అంటే ఆ పేరున్న జంతువు వెంట్రుక. రాలిన ఒక వెంట్రుకను అగ్గిపుల్లకు చూపితే జుట్టు కాలిన వాసన రాలేదు, కొస కరిగి నల్లని పూసలా గట్టిపడింది. అది సింథటిక్. సింథటిక్ చెడ్డదేమీ కాదు, త్వరగా ఆరుతుంది కూడా. కానీ బ్యాడ్జర్ పేరుతో బ్యాడ్జర్ ధరకు అమ్మడం తప్పు.

కాబట్టి 2,450 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వండి. అమ్మకం పేజీలో బ్యాడ్జర్ మాట తీసేయండి, కరపత్రంలో లోతు అంకె సరిచేయండి. వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

వెర్నియర్ కొలతలు, తూకం, చీలిన దిమ్మ, కాలిన వెంట్రుక ఫొటోలు జత చేశాను. కిట్ అట్టపెట్టెలోనే ఉంది, మనిషిని పంపితే అప్పగిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు